దుంగల మీద పేరు

మా కొంటాలో ఆ రోజుల్లో పుస్తకం రాసినవాడు ఒక్కడే ఉండేవాడు. చదివినవాళ్ళు ఎంతమంది అని మాత్రం నన్ను అడగకండి, ఈ కథంతా ఆ సంగతి గురించే. ఆయన పేరు భూషణం. కలప కంట్రాక్టరు దగ్గర గుమాస్తా. అప్పటికి మా ఊరు బస్తరు సంస్థానం కింద ఉండేది. సంస్థానం అడవిలో కొట్టిన టేకు దుంగలు ఎడ్లబండ్ల మీద శబరి ఒడ్డుకు చేరేవి. వాటిని తెప్పలుగా కట్టి నీళ్ళలోకి వదిలితే కూనవరం దగ్గర గోదావరిలో కలిసి రాజమండ్రి దాకా పోయేవి. రేవు గట్టు మీద మాది కిరాణా అంగడి. నేనూ మా ఆయనా వంతులవారీగా కూర్చునేవాళ్ళం, పొద్దుటి వంతు నాది. అందువల్ల భూషణంగారి పొద్దుటి భాగోతమంతా నా కళ్ళముందే జరిగేది.

ఆయన శబరిలో మునిగి లేచి, నడుము లోతు నీళ్ళలో తూర్పు ముఖంగా నిలబడి సంకల్పం చెప్పుకునేవాడు. ఫలానా చోట, ఫలానా నది ఒడ్డున, ఫలానా గోత్రంవాణ్ణి, ఫలానా పేరువాణ్ణి, ఫలానా కోరికతో ఈ స్నానం చేస్తున్నాను అని చెప్పుకోవడం ఆచారం ఉన్నవాళ్ళందరూ చేసేదే. శ్రీశైలానికి ఈశాన్యాన, శబరీ తీరాన అనేదాకా బాగానే ఉండేది. గోత్రం దాకా కూడా పేచీ లేదు. ఆ తర్వాత గొంతు పెంచేవాడు. "గ్రంథకర్తా, భూషణ నామధేయః" అనేవాడు. ఇక కోరిక చెప్పాల్సిన చోట అందరూ ఆయుస్సూ ఆరోగ్యమూ అడుగుతారు కదా, ఈయన "మమ గ్రంథస్య ప్రచార సిద్ధ్యర్థం" అని ముగించేవాడు. నా పుస్తకం నలుగురికీ తెలియాలి అని. సంస్కృతం రాని నాకే నవ్వొచ్చేది, ఇక వచ్చినవాళ్ళ మాట చెప్పాలా!

"ఏంది గుమాస్తగారూ, దేవునికి గూడ పుస్తకం అంటగడుతున్నరా?" అని ఒకరోజు అడిగేశాను.

ఆయన తల తుడుచుకుంటూ, "దేవుడికి కాదు నాగేశ్వరమ్మా, నాకే చెప్పుకుంటున్నాను. పొద్దున్నే ఒకసారి గట్టిగా అనుకోకపోతే, సాయంత్రానికి ఒట్టి గుమాస్తాగా మిగిలిపోతానండీ" అన్నాడు.

అప్పుడూ నవ్వాను. తెప్పలు కట్టే దోర్ల కోయవాళ్ళు కూడా తాళ్ళు చేతుల్లో పట్టుకుని, పని ఆపి, ఆయన గట్టెక్కేదాకా చూస్తూ ఉండేవాళ్ళు. వాళ్ళ పెద్ద జోగ. బక్కమనిషి, మాట తక్కువ. వాళ్ళూ నాలాగే వేడుక చూస్తున్నారనుకునేదాన్ని.

పుస్తకం పేరు 'తెప్పల దారి'. ఆయన భార్య సోమమ్మ. కొంటాకు కాపురానికొచ్చిన ఏడాదే జబ్బుపడింది. వానాకాలం, బండ్ల దారి మూసుకుపోయింది. రాజమండ్రిలో పెద్దాసుపత్రికి చేర్చాలని ఆమెను తెప్ప మీద పడుకోబెట్టి, పైన తాటాకు గొడుగు కట్టి తీసుకుపోయాడు. చేరలేదు. కూనవరం దాటాక ఒక ఇసుక తిన్నె మీద ఆమెకు చితి పేర్చాడు. ఆ ప్రయాణమే ఆ పుస్తకం. మరుసటి వరదకు ఆ తిన్నె కూడా లేదు. ఆమెను ఎరిగినవాళ్ళు మా ఊళ్ళో ఎవరూ లేరు. నీళ్ళకు వచ్చి పోయే మనిషిగా నేను ఒకటి రెండుసార్లు చూశానేమో, మొహం గుర్తులేదు. "ఎవరైనా చదివితే ఆమె నాకొక్కడికే కాకుండా ఇంకొకరికి కూడా తెలిసినట్టవుతుంది కదండీ" అని ఒక్కసారే అన్నాడు. ఆ మాట విన్నాక మాత్రం నేను సంకల్పానికి నవ్వడం మానేశాను.

అయితే మనిషి చేసుకునే ప్రచారం మాత్రం నవ్వు ఆపుకోనిచ్చేది కాదు. సంతలో చింతపండు బేరమాడుతూ మధ్యలో "నా పుస్తకంలో రాశాను, ఈ చింతపండు ఎక్కడిదో" అనేవాడు. బేరం చెడేది. పెళ్ళికి పిలిస్తే పెళ్ళికొడుకు చేతిలో పుస్తకం పెట్టేవాడు. జ్వరమొచ్చినవాణ్ణి పలకరించడానికి పోయి, మంచం పక్కన పుస్తకం పెట్టి వచ్చేవాడు. గోండీ మాట్లాడేవాడికీ ఇచ్చాడు, హల్బీ మాట్లాడేవాడికీ ఇచ్చాడు. హిందీ తప్ప ముక్క రాని తహసీలు గుమాస్తాకు కూడా ఇస్తే, ఆయన కళ్ళకద్దుకుని గూట్లో దేవుడి పక్కన పెట్టాడు, ఏ దేవుడి పుస్తకమో అనుకుని.

నాకు ఇవ్వలేదు. మా నాయన నాకు అక్షరాలు నేర్పించాడు, రామాయణం కూడబలుక్కుని చదువుతాను. ఆ సంగతి భూషణంగారికి తెలుసు. అయినా ఇవ్వలేదు. ఎందుకంటే మాది కిరాణా అంగడి, కాగితం కనబడితే పొట్లాలు కట్టేస్తామని ఆయన భయం. నాకు ఒళ్ళు మండేది. అడిగితే చులకనవుతానని అడగలేదు.

పుస్తకం ఇవ్వడంలో కూడా ఒక పద్ధతి ఉండేది ఆయనకు. అప్పట్లో కొన్ని పుస్తకాలు అంచులు కోయకుండానే అచ్చాఫీసు నుంచి వచ్చేవి. పెద్ద కాగితాన్ని మడతలు పెట్టి కుట్టేసేవారు. చదివేవాడు చాకుతో మడతలు కోసుకుంటూ పోవాలి. అందుకని ప్రతి పుస్తకానికీ ఒక వెదురు బద్దను తనే సన్నగా చెక్కి, ఎర్రదారంతో కట్టి ఇచ్చేవాడు. సాయంత్రాలు తానుండే కలప డిపో అరుగు మీద ఒంటరిగా కూర్చుని వెదురు చెక్కుతుంటే, మా ఇంట్లో వంట పొగ అటు పోతుండేది. ఆయన పొయ్యి ఒకోరోజు వెలిగేదే కాదు. "రండి, ఇంత ముద్ద తిని పోదురు" అంటే "రాసుకోవాలండీ" అనేవాడు. ఏం రాసేవాడో, ఆ తర్వాత ఇంకో పుస్తకమంటూ రాలేదు.

పంచగా ఆయన దగ్గర మిగిలిన ప్రతులు ఒక వానాకాలంలో చెదలు తినేశాయి. అప్పటికి ఊళ్ళో పుస్తకాన్ని మెచ్చుకున్నవాడు ఒక్కడే, అరుగు మీద తెలుగు బడి నడిపే సీతారాములు పంతులు. "మీ ఇసుక తిన్నె ఘట్టం చదివి కన్నీళ్ళు పెట్టుకున్నానండీ" అన్నాడట. ఆ ఒక్క మాటను భూషణంగారు ఏళ్ళ తరబడి దాచుకున్నాడు. ఉప్పుకొచ్చినా చెప్పేవాడు, కిరసనాయిలుకొచ్చినా చెప్పేవాడు. "పంతులుగారు ఏడ్చారు, తెలుసా నాగేశ్వరమ్మా?" అనేవాడు. పండగ రోజున మంచి చొక్కా వేసుకున్నట్టు ఉండేది ఆయన మొహం ఆ మాట చెప్పేటప్పుడు.

చెదల తర్వాత ఇవ్వడానికి పుస్తకాలు లేవు. అయినా మనిషి ఊరుకోలేదు. దుంగలకు అంకెలు వేయడం ఆయన పనే. కంట్రాక్టరు ముద్రను సుత్తితో కొట్టి, దుంగ మొహం మీద తారుతో అంకె రాయాలి. ఒకరోజు నేను చూస్తుండగానే అంకె కింద కుంచె ఇంకోసారి ఆడించాడు. గుండ్రటి అక్షరాలతో ముద్దుగా రాశాడు: "భూషణం – తెప్పల దారి."

"ఏంది గుమాస్తగారూ అది?"

"రాజమండ్రిలో చదివేవాళ్ళున్నారు. ఇవి ఎలాగూ అక్కడికే పోతున్నాయి కదా. అక్కడి అచ్చాఫీసులో ఇంకా కొన్ని ప్రతులు ఉండే ఉంటాయి, పేరు చూసినవాళ్ళు అడిగి తీసుకుంటారు" అన్నాడు. ఊరికే పోయే బండిలో మూట వేసినంత తేలిగ్గా అన్నాడు.

కలప పనిలో తలపండిన మనిషే. దుంగ మొహం మీద పేరుంటే దానికి అర్థమేమిటో ఆయనకు ఎవరూ చెప్పనక్కర్లేదు. కానీ ఆ కుంచె పట్టుకున్నప్పుడు గుమాస్తా కాడు కదా ఆయన, పొద్దున నీళ్ళలో నిలబడి చెప్పుకున్న మనిషి. ఆ మనిషికి కలప సంగతి తట్టలేదు.

ఆ తెప్పలతో దిగువకు పోయిన జోగ కొన్నాళ్ళకు గట్టు వెంబడి నడుచుకుంటూ తిరిగొచ్చాడు. వస్తూనే గుమాస్తాను వెతుక్కుంటూ, ఆయన బెల్లం కొంటున్న మా అంగడి ముందు ఆగాడు.

"గుమాస్తయ్య, రాజమండ్రిల నీ పేరే పేరు. ఒడ్డుకు గుంజంగనే అందరు గుమిగూడిండ్రు. భూషణం ఎవరు, భూషణం ఎవరు అని ఒకటే అడుగుడు."

భూషణంగారి చేతిలో బెల్లం ముక్క అలాగే ఉండిపోయింది. "ఎవరడిగారు జోగా? చదువుకున్నవాళ్ళేనా?"

"కళ్ళద్దాలోళ్ళు గూడ ఉన్నరు. నీ పేరున్న దుంగలన్నీ ఏరి ఒక్క తావునే పేర్సిండ్రు. ఎవరినీ ముట్టనియ్యలే."

ఆ పూట ఆయన్ని చూడాలి మీరు! ఉతికిన కండువా వేసుకుని వీధి వీధంతా తిరిగాడు. దుంగల్ని అపురూపంగా దాచిపెట్టారన్నాడు. పాఠకులు కొంటాకే వచ్చేటట్టున్నారన్నాడు. డిపో అరుగు పేడతో అలికించి, చాప పరిచాడు. నాకెందుకో మనసులో మనసు లేదు. కలపను విడిగా పేర్చడం ఎక్కడైనా పుస్తకం కోసం జరుగుతుందా? కానీ ఆ మొహం చూస్తూ ఆ మాట నోటికి రాలేదు. మా ఆయన చెప్పబోతే నేనే చెయ్యి పట్టుకుని ఆపాను.

వచ్చినవాళ్ళు పాఠకులు కారు. కంట్రాక్టరు, ఆయన వెంట జగదల్‌పూర్ వైపు నుంచి జంగిల్ రేంజరు. దుంగ మీద ఎవడి పేరుంటే వాడిదే ఆ దుంగ. రాజమండ్రిలో కలప దించుకున్న వర్తకుడు తన పద్ధతిలో తాను పోయాడు, భూషణం అనే కొత్త ఆసామీ సరుకని దాన్ని పక్కన పెట్టించి, ఆ ఆసామీ ఎవరని కబురు చేశాడు.

కంట్రాక్టరు అలికిన అరుగు మీదికి చెప్పులతోనే ఎక్కాడు. "ఏమయ్యా భూషణం, నా పర్మిట్టు మీద నీ కలప ఎన్నాళ్ళ నుంచి నడుపుతున్నావు?"

భూషణంగారికి ముందు అర్థం కాలేదు. అర్థమయ్యాక మొహం వెలవెలబోయింది. "అది కలప పేరు కాదండీ. నా పుస్తకం పేరండీ" అన్నాడు.

"దుంగ మీద పుస్తకమేమిటయ్యా!"

గొడవకు జనం పోగయ్యారు. నేనూ అంగడి వదిలి దిగాను. రేంజరు హిందీవాడు, నెమ్మదస్తుడే, కేకలు వేయలేదు. "కితాబ్ హై తో దిఖావ్" అన్నాడు. నిజంగా పుస్తకమే అయితే చూపించమని. భూషణంగారి పెట్టెలో చెదలు మిగిల్చిన దుమ్ము తప్ప ఏమీ లేదు. ఉద్యోగం పోవడమే కాదు, సర్కారు అడవిలో దొంగకలప అంటే జైలు. అంత ఆపదలోనూ ఆయన కళ్ళలో ఒక్కసారి వెలుగొచ్చింది. "సీతారాములుగారి దగ్గర ఉందండీ! చదివారు కూడా. వారినే అడగండి" అన్నాడు. తనను కాపాడేవాడు దొరికాడని కాదు ఆ వెలుగు. నలుగురి ముందూ ఒక పాఠకుణ్ణి చూపించబోతున్నాడు, అదీ.

పంతులు పుస్తకంతో వచ్చాడు. కాళ్ళు ఈడ్చుకుంటూ వచ్చాడు. అప్పుడే నాకు అనుమానం వేసింది.

రేంజరుకు తెలుగు రాదు. పుస్తకం అట్టను రేవులో మిగిలిన దుంగ మొహానికి ఆనించి, ఒక్కొక్క అక్షరం వంపు పోల్చి చూశాడు. అక్కడిదీ ఇక్కడిదీ ఒకటే. తల ఊపాడు. "ఠీక్ హై. చోర్ నహీ హై" అన్నాడు. దొంగ కాదు అని. జనంలో ఒక నిట్టూర్పు. నేను కూడా హమ్మయ్య అనుకున్నాను. అంతటితో అయిపోతే బాగుండేది.

రేంజరు ఊరికే, లోపల ఏముందో చూద్దామని పుస్తకం తెరవబోయాడు. తెరుచుకోలేదు. కాగితాలు జంటలు జంటలుగా అంటుకునే ఉన్నాయి. అటు తిప్పాడు, ఇటు తిప్పాడు. మడతలో ఏదో తగిలి బయటికి లాగాడు. వెదురు బద్ద. ఎర్రదారం ముడి కూడా విప్పలేదు.

కంట్రాక్టరు పకపకా నవ్వాడు. "కోయనే లేదు కదయ్యా! మరి మా పంతులు ఎలా చదివాడూ?"

సీతారాములు చొక్కా గుండీ పట్టుకుని నేల చూపులు చూస్తున్నాడు. జనమంతా భూషణంగారి వైపు చూస్తున్నారు. నాకైతే పంతులు చెంప పగలగొట్టాలనిపించింది. ఒక్క అబద్ధం ఆడినవాడు, చాకుతో నాలుగు మడతలు కోసి ఆడకూడదా!

భూషణంగారు ఆ ఎర్రదారాన్ని చూశాడు. తర్వాత మెల్లగా, అందరికీ వినబడేటట్టు అన్నాడు. "చదివారండీ. మడతల్లోంచి తొంగి చూసి చదివారు. కొంతమంది పుస్తకం పాడవకుండా అలా చదువుతారు."

పంతులు తలెత్తలేదు. జనం ఎవరి దారిన వాళ్ళు పోయారు.

రేంజరు పుస్తకం తన సంచిలో పెట్టుకోబోయాడు. సాక్ష్యం కింద కచేరీలో ఉంచాలట. పంచినవన్నీ ఏమయ్యాయో, కళ్ళెదుట మిగిలిన ప్రతి అదొక్కటే, జగదల్‌పూర్‌లో తెలుగు ఎవరికి వచ్చు? భూషణంగారు అడ్డం చెప్పలేదు. "ఒక్క నిమిషం సాబ్" అని పుస్తకం తీసుకుని, దారం ముడి విప్పి, వెదురు బద్దతో ఇసుక తిన్నె ఘట్టం ఉన్న మడతలు మాత్రం కోశాడు. పసిబిడ్డ గోళ్ళు తీసినంత జాగ్రత్తగా కోశాడు. "ఇక తెరుచుకుంటుంది. ఎవరైనా చూడాలంటే ఇబ్బంది ఉండదు" అని తిరిగి ఇచ్చాడు. వెదురు బద్ద తన జేబులో పెట్టుకున్నాడు.

ఉద్యోగం ఉంచారు. కానీ రేవులో ఉన్న దుంగలన్నిటి మీదా ఆ పేరు చెక్కెయ్యమని కంట్రాక్టరు హుకుం. కూలీలను పెట్టమంటే ఆయన వినలేదు. బాడిస పట్టుకుని తనే కూర్చున్నాడు. పొద్దు వాలేదాకా రేవంతా టకటకమని చప్పుడు. నేను మజ్జిగ పంపిస్తే అక్కడే పెట్టించుకున్నాడు, తాగలేదు.

మర్నాడు పొద్దున నేను అంగడి తలుపు తీసేసరికి ఆయన నీళ్ళలో ఉన్నాడు. తెప్పలు కట్టి సిద్ధంగా ఉన్నాయి. సంకల్పం మొదలుపెట్టాడు. శ్రీశైలానికి ఈశాన్యం, శబరీ తీరం, గోత్రం. అక్కడ గొంతు పెంచలేదు. "భూషణ నామధేయః" అని గొణిగి, మునిగి, గట్టెక్కి వచ్చాడు. పుస్తకం ఊసే లేదు.

జోగ తాడు విప్పలేదు. అలాగే పట్టుకుని నిలబడ్డాడు.

"ఏంది గుమాస్తయ్య, ఒక మాట ఇడిసినవ్."

"ఏ మాట?"

"గోత్రం ఎనక అంటవే. గ్రంథకర్త అని. గట్టిగ అంటవ్ గద."

భూషణంగారు తడిబట్ట పిండుకుంటూ మొహం పక్కకు తిప్పుకున్నాడు. "ఇక అదెందుకులే జోగా. నిన్న చూశావుగా."

"నీకెందుకో నాకెరుక లేదు. మాకు గావాలె. ఆ మాట ఇన్నంకనే మేం తాడు ఇప్పుతం. నువ్వు జొరమొచ్చి పండిననాడు ఆ మాట లేకనే పోతే, కింద సుడిల తెప్ప రెండుగ పగిలె. అప్పటి సంది ఇనందే ఇప్పం."

"దాని అర్థం నీకు తెలుసా?"

"ఎరుక లేదు" అన్నాడు జోగ. అతని వెనక తెప్పల మీద మనుషులు గడలు పట్టుకుని ఎదురుచూస్తున్నారు. ఇన్నేళ్ళూ వాళ్ళు వేడుక చూడలేదు. పని ఆపి ఆ మాట కోసం ఆగారు.

భూషణంగారు మళ్ళీ నీళ్ళలోకి దిగాడు. మొదటిసారి నోట్లోనే గొణిగాడు, జోగ తాడు కదపలేదు. రెండోసారి "గ్రంథకర్తా" అన్నాడు, గట్టిగా, రేవు మారుమోగేటట్టు. జోగ తాడు విప్పాడు. తెప్పలు కదిలాయి. దుంగల మొహాల మీద పేరు చెక్కేసిన చోటు తెల్లగా కనబడుతూ పోయింది. చివరి తెప్ప మలుపు తిరిగి వినేవాళ్ళు ఎవరూ లేకపోయినా ఆయన అదే మాట అంటూ నడుము లోతు నీళ్ళలో నిలబడే ఉన్నాడు.

ఆ మాట విన్నవాళ్ళలో దాని అర్థం తెలిసినదాన్ని ఆ రేవులో నేనొక్కదాన్నే. నాకు ఆయన పుస్తకం ఇవ్వలేదు.